పనాయోత్ పరువూ, పొడి సూటూ

మా రేవులో మగవాళ్ల రహస్యాలు చర్చిలో పాదిరి కన్నా నాకే ఎక్కువ తెలుసు. ఆయన వాళ్లు చెప్పింది వింటాడు. నేను వాళ్లు విప్పింది వాసన చూస్తాను.

సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ల రబ్బరు సూట్లు బాగుచేయడం నా పని. చిరిగిన మోకాళ్లు, ఊడిన జిప్పులు, సాగిపోయిన మెడలు అన్నీ మా ఇంటి కింది గదిలో నా బల్ల మీదికే వస్తాయి. మూట విప్పగానే ముందు ఉప్పు వాసన కొడుతుంది, తర్వాత చెమట, తర్వాత నత్తల జిగురు. వాటన్నిటి అడుగునా ఉచ్చ. నిన్నా మొన్నటిది కాదు, ఏళ్ల తరబడి ఇంకి రబ్బరులో కలిసిపోయినది. వెనిగర్ పోసి తోమినా, ఎండలో వారం వేలాడదీసినా పోదు. ఇన్నేళ్లయినా నాకు అలవాటు కాలేదు. ఇప్పటికీ ముందు కిటికీ తెరిచాకే మూట విప్పుతాను.

ఇలాంటిదాన్ని తడి సూటంటారు, దాని సంగతే అంత. అది నీళ్లను ఆపదు. ఒంటికీ రబ్బరుకూ మధ్య పలుచగా ఒక పొర నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు ఒంటి వేడికి మెల్లగా వెచ్చబడాలి. అంతసేపు ఆగే ఓపిక మా వాళ్లకెక్కడిది? నల్లసముద్రం చలికాలంలో ఎముకలు కొరుకుతుంది. అందుకని దిగీ దిగగానే సూట్లోనే కానిచ్చేస్తారు. పైకొచ్చాక పడవలో "హీటరు వేశాన్రా" అని ఒకడికొకడు చెప్పుకుని నవ్వుకుంటారు, ఏదో ఘనకార్యం చేసినట్టు. అదే సూటు మర్నాడు మళ్లీ వేసుకుంటారు. ఛీ.

ఇందరిలోనూ భరించలేనంత కంపు కొట్టే సూటు ఒకటుండేది. అది మా తమ్ముడు పనాయోత్‌ది.

పనాయోత్ మా ఇంటి మేడ మీదే ఉంటాడు. ఎద్దు మెడ, ఎర్రటి మొహం, వీధి చివరికి వినిపించే నవ్వు. మీసాలు రాకముందు నుంచీ రపాన నత్తల పనిలోనే ఉన్నాడు. పిడికిలంత నత్తలవి. చలికాలంలో ఇసుకలోకి దిగి దాక్కుంటాయి. వీపున గాలి సిలిండరు కట్టుకుని అడుక్కి పోయి, చేతులతో ఇసుక తవ్వి, వాటిని సంచుల్లోకి ఎత్తాలి. ఒడ్డుకు చేరాక రేవు వెనక రేకుల షెడ్డులో పీపాల్లో ఉడకబెడతారు. ఆ ఆవిరి మా కిటికీ తెరలకు కూడా పట్టేసింది. రపాన తినే మనిషి ఎవరైనా ఒక్కసారి ఆ షెడ్డు గుమ్మంలో నిలబడితే మళ్లీ జన్మలో ముట్టడు.

వాడి పెళ్లాం జోర్నిత్సా మంచి పిల్ల. కొన్నేళ్లు ఓర్చుకుని, ఒకరోజు పెట్టె సర్దుకుని బుర్గాస్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, వాడు మంచోడే. కొట్టడు, తిట్టడు. కానీ నేను పెళ్లి చేసుకుంది మనిషిని. రాత్రిళ్లు నా పక్కన పడుకునేది పీపా."

ఆ పీపా సూటు అప్పుడు నా బల్ల మీదే ఉంది.

ఇక స్తోయిల్ సంగతి చెప్పాలి. మా రేవులో పొడి సూటు వేసుకుని దిగిన మొదటివాడు స్తోయిల్. పొడి సూటంటే చుక్క నీరు లోపలికి రానిది. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా పలుచని రబ్బరు పట్టీలు బిగుతుగా కరుచుకుంటాయి. లోపల ఉన్ని బట్టలు వేసుకుంటారు. ఎంతసేపు నీళ్లలో ఉన్నా లోపల మనిషి ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్నంత వెచ్చగా ఉంటాడు. ఒక్కటే ఇబ్బంది. హీటరు వేయడానికి కుదరదు.

ఆ ఏడు నికుల్‌దెన్ పండగకు, అంటే సముద్రం మీద బతికే వాళ్లందరి పండగకు, మగవాళ్లంతా యనాకి హోటల్లో చేరారు. పడవ నడిపేదీ యనాకే, హోటలు పెట్టిందీ యనాకే. అక్రోటు గింజలు కూరిన చేప మధ్యలో పెట్టుకుని రాకియా, అంటే మా పళ్ల సారా, తాగుతున్నారు. నేను యనాకి పెళ్లానికి వంటలో సాయానికి వెళ్లాను. స్తోయిల్ పడవ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. సంచిలోంచి తువ్వాలు లాగబోతే దాంతోపాటు ఒక ప్యాకెట్టు జారి, పోయి పోయి మా పనాయోత్ కాళ్ల దగ్గర పడింది.

వాడు దాన్ని ఎత్తి అందరికీ కనిపించేలా పైకి పట్టుకున్నాడు. పెద్దవాళ్లు కట్టుకునే డైపర్లు.

"ఏంట్రా స్తోయిల్ ఇవి? మీ ఇంట్లో చంటిపిల్లలు కూడా లేరే!"

స్తోయిల్ అబద్ధం చెప్పడం రాని మనిషి. "నావే. పొడి సూట్లో పోసుకుంటే ఉన్ని తడిసి చస్తాం కదా. రోజంతా బిగబట్టమంటావా?" అన్నాడు.

అంతే. మా వాడు ఒక డైపరు తీసి ప్యాంటు మీదనే నడుముకు పట్టుకుని, బల్లల మధ్య కెవ్వుకెవ్వున ఏడుస్తూ తిరిగాడు. "ఎవరన్నా ఉయ్యాల తేండ్రా! బిడ్డకి నిద్దరొస్తోంది!" అని అరిచాడు. హోటలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ క్షణం నుంచి స్తోయిల్ పేరు ఉయ్యాల. రేవులో అతను కనిపిస్తే చాలు, చేతులు రెండూ కలిపి బిడ్డను ఊపినట్టు ఊపుతూ జోజో అని మూలిగేవారు. ఆ పేరు పెట్టింది మా తమ్ముడే. దాన్ని ఎక్కువగా వాడిందీ మా తమ్ముడే.

స్తోయిల్ ఆ రోజు తలవంచుకుని తన చేప తాను తిని, పక్కన పెట్టుకున్న పెద్ద సీసాలో నీళ్లు తాగి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ హోటల్లో అడుగు పెట్టలేదు. నేను తలుపు దగ్గర గరిటె పట్టుకుని నిలబడి అంతా చూశాను. సొంత ఉచ్చలో ఊరగాయల్లా నానే మగాళ్లు, దాన్ని బుద్ధిగా గుడ్డలో పట్టుకున్న మనిషిని చూసి నవ్వుతున్నారు. నాకు అంత అసహ్యం ఏ సూటు మూట విప్పినప్పుడూ కలగలేదు.

తర్వాత ఫిబ్రవరిలో ఒకరోజు యనాకి, ఇంకొకతనూ కలిసి పనాయోత్‌ని మోసుకొచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. పేరేమిట్రా అంటే చెప్పలేకపోయాడు. నత్తల సంచి తాడు పట్టుకున్న వేళ్లు విప్పుకోవడం లేదు. తాడు కోసి, ఆ ముక్కతోనే తీసుకొచ్చారు. వాడి తడి సూటు మోకాళ్ల దగ్గరా చంకల్లోనూ కాగితంలా అరిగిపోయింది. అతుకుల మీద అతుకులు నేనే వేశాను. ఇక అందులో అతకడానికి కూడా ఏమీ మిగల్లేదు.

డాక్టరమ్మ వాడి కళ్లలోకి చూసి చెప్పింది: "ఇంకోసారి ఒళ్లు ఇంత చల్లబడితే గుండె ఆగిపోతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. చలికాలంలో దిగడం మానెయ్, లేకపోతే ఒళ్లు తడవకుండా దిగు."

మానెయ్యడం కుదరని పని. నత్తలు తప్ప వాడికి ఇంకేం తెలుసు? కాబట్టి మిగిలింది ఒక్కటే. ఆ సాయంత్రం దుప్పట్లు కప్పి, కాళ్ల దగ్గర వేడి ఇటుక పెట్టి, నేను మాట తీశాను.

"పొడి సూటు వేసుకోరా."

"అది సూటు కాదక్కా, గాలి మూట. నీళ్లు ఒంటికి తగలకపోతే సముద్రంలో ఉన్నట్టేంటి?"

"తగిలితే ఏమైందో చూశాం గదా."

"అందులో నడుం వంగదు. ఇసుక తవ్వడానికి తల కిందకి పెట్టానా, గాలంతా కాళ్లలోకి పోయి బుడగలాగ తలకిందులుగా తేలిపోతా."

"గాలి తక్కువ పెట్టుకో. స్తోయిల్ తేలిపోతున్నాడా? బరువులు కాస్త ఎక్కువ కట్టుకుంటాడు, అంతే."

"ఏ మేకో గుచ్చుకుందనుకో, లోపలికి నీళ్లు నిండిపోతాయి. తడి సూటు చిరిగితే చిరిగింది, కొంప మునగదు."

"చిరిగితే అతకడానికి నేను చచ్చానా?"

వాడు చెప్పినవన్నీ నిజమే. తడి సూటుకు ఆ సుఖాలున్నాయి, పొడి సూటుకు ఆ తిప్పలున్నాయి. వేసవిలో అయితే నేనూ వాడి మాటే అనేదాన్ని. కానీ చలికాలంలో ఆ అడుగు ఇసుక దగ్గర చలి మామూలుది కాదు. పైగా వాడు వద్దనడానికి అసలు కారణం ఇవేవీ కాదని నాకు తెలుసు. వాడు అటు తిరిగి పడుకుని చివరికి అనేశాడు:

"దానికి తోడు ఉయ్యాల కట్టించుకోవాలి."

వేసవంతా కూర్చుని నేను వాడికి పొడి సూటు తయారుచేశాను. వార్నాలో ఓడల కింద పనిచేసి మానేసిన ఒకతని పాత సూటు దొరికింది. మెడ పట్టీ, మణికట్టు పట్టీలు పూర్తిగా కొత్తవి వేశాను. మా వాడి పొట్టకు సరిపడా నడుము దగ్గర ముక్క కలిపాను. తెరుచుకునే చోట్లన్నీ గట్టిగా కట్టేసి, లోపల గాలి నింపి, పైన సబ్బు నీళ్లు రాశాను. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ మళ్లీ జిగురు. ఎవరిదో మగాడి చెమట వాసన దానికీ ఉంది, కానీ ఉచ్చ వాసన మాత్రం లేదు. ఆ సూటు మీద పనిచేసిన రోజుల్లో నాకు అన్నం రుచిగా ఉంది.

అక్టోబరులో మొదటిసారి వేసుకుని దిగాడు. పైకొచ్చి పడవలోనే జిప్పు తీసి చంకలోకి చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడట. ఇంటికి వచ్చేదాకా ఆగలేక మెట్ల దగ్గర నుంచే కేక పెట్టాడు.

"అక్కా! మేజోళ్లు కూడా పొడే! ఇదిగో, పట్టుకుని చూడు! లోపల బామ్మ వొళ్లో కూర్చున్నట్టుందే!"

చాలా ఏళ్ల తర్వాత వాడి నవ్వు విని నాకు సంతోషం వేసింది.

ఆ సంతోషం ఆ వారం కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం పనాయోత్ మాట్లాడకుండా వచ్చి, ఒక మూట నా గుమ్మంలో పడేసి మేడ మీదికి వెళ్లిపోయాడు. విప్పాను. ఇన్నేళ్ల అలవాటు ఊరికే పోతుందా? నీళ్ల అడుగున, చేతులు ఇసుకలో ఉండగా, ఆలోచన లేకుండా హీటరు వేసేశాడు. తడి సూట్లో అయితే అది నీళ్లలో కలిసిపోయేది. ఇక్కడ బయటికి దారి లేదు. ఉన్ని బట్టలు నడుము నుంచి పాదాల దాకా నాని, కాసేపట్లో మంచులా మారాయి. తడి సూట్లో కన్నా ఎక్కువ వణుకుతూ పైకొచ్చాడు. సూటు బూట్లలోంచి నేను ఒంపింది ఏమిటో చెప్పను. వెనిగరుతో కడిగి, తిప్పి ఆరేసి, పెరట్లో వాంతి చేసుకున్నాను.

మర్నాడు పక్క ఊరు కవార్నాకు వెళ్లి ఒక డైపర్ల ప్యాకెట్టు కొన్నాను. మా ఊరి మందుల షాపామె నోట్లో నువ్వుగింజ నానదు. కాగితంలో చుట్టి తెచ్చి వాడి మంచం మీద పెట్టాను. వాడు కాగితం విప్పి చూసి, ప్యాకెట్టుని మెట్ల మీదినుంచి కిందికి విసిరాడు.

"నీకు సిగ్గుందా అక్కా? నేను మగాణ్ణి కాదా?"

"మగాడివేరా. మగాళ్లకీ వస్తుంది కదా."

"పడవలో సూటు విప్పేటప్పుడు యనాకి చూడడా? మర్నాడు రేవంతా జోజో పాడరా? ఆ పాట కట్టింది నేనేనే!"

"పోనీ ఇంకో దారుంది. సూటుకి తొడ దగ్గర చిన్న కన్నం పెట్టి గొట్టం బిగిస్తా. లోపల తొడుగు లాంటిది ఒకటి అతికించుకుంటే నేరుగా బయటికి పోతుంది. పట్నంలో వాళ్లు అలాగే వాడతారంట."

"అతికించుకోవడమా? దేనికి? దేంతో? జిగురుతోనా?" వాడు రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. "నన్ను పాలు పితికే ఆవుననుకున్నావా? నీ జిగురు డబ్బాతో నా దగ్గరికి రాకు, చెప్తున్నా!"

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో దారి వాడే కనిపెట్టుకున్నాడు. పోసుకోవాల్సిన అవసరమే రాకుండా చూసుకోవడం. దిగబోయే ముందురోజు సాయంత్రం నుంచి చుక్క నీళ్లు ముట్టేవాడు కాదు. ఎండు రొట్టె, ఉప్పు జున్ను, దాని మీద రాకియా. ఇదేంట్రా అంటే రాకియా నీళ్లు కాదంటాడు. నేను కాచిన టీ కిటికీలో జెరేనియం కుండీలో పోస్తాడు. చిక్కుడు సూపు పెడితే గింజలు ఏరుకుని తిని నీళ్లు వదిలేస్తాడు. పెదాలు చిట్లాయి. నాలుక పిల్లి నాలుకలా గరగరలాడేది. మరుగుదొడ్డిలో వాడు వెళ్లొచ్చాక చూస్తే డికాక్షన్ రంగు. మనిషి సొంత పరువు కోసం తనను తాను ఎండబెట్టుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

"ఎండిపోయి చస్తావురా."

"తడిసి చస్తానని నువ్వే అన్నావు. ఇప్పుడు ఎండి చస్తానంటున్నావు. ఏదో ఒకటి తేల్చుకో అక్కా."

సూటు మాత్రం ఇప్పుడు శుభ్రంగా తిరిగొచ్చేది. లోపల పొడి, వాసన లేదు. దాన్ని చూసినా నాకు అసహ్యం వేసేది. ఆ శుభ్రం ఎలా వచ్చిందో తెలుసు కనక.

ఇంకొక సంగతి నాకు తర్వాత గానీ తట్టలేదు. తడి సూట్లో ఉన్నన్నాళ్లూ చలే వాణ్ణి పైకి తరిమేది. వేళ్లు మొద్దుబారగానే సంచి నిండినా నిండకపోయినా పైకొచ్చేసేవాడు. అదే వాడి గడియారం. పొడి సూట్లో తరిమేవాళ్లు లేరు. వెచ్చగా ఉంది కదా అని లోతులో, ఇసుకలో, సంచి మీద సంచి నింపుతూ ఉండిపోయేవాడు.

అలా ఉండిపోయిన ఒక రోజు సంగతి, యనాకి నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పనాయోత్ అందరికన్నా ఆలస్యంగా పైకొచ్చాడు. సంచులన్నీ నిండాయి. మంచి ఉత్సాహంగా ఉన్నాడు. పడవెక్కీ ఎక్కగానే సూటు నడుము దాకా ఒలిచేసుకుని, "జరుగు జరుగు" అంటూ పడవ అంచుకు పరిగెత్తాడు. పొద్దున్నుంచీ బిగబట్టుకున్నాడు పాపం. సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"రావట్లేదురా యనాకి" అన్నాడు.

"పొద్దున్నే రాకియా తప్ప ఏమీ తాగవు, ఎక్కణ్ణించి వస్తుంది?"

"కాదురా. ఉంది. నిండుగా ఉంది. రావట్లేదు." అని నవ్వాడట. నడుము చుట్టూ ఎవరో బెల్టు బిగిస్తున్నట్టుందన్నాడు. తర్వాత పాదాలు తిమ్మిరన్నాడు. తర్వాత వాడి మోకాళ్లు మడతపడిపోయాయి. అదే అంచు మీద బోర్లా పడ్డాడు.

వార్నా ఆసుపత్రిలో ఇనప గదిలో పెట్టి, లోపల గాలి ఒత్తిడి పెంచి, మళ్లీ మెల్లగా తగ్గించారు. అలా చాలాసార్లు చేశారు. ఎక్కువసేపు లోతులో ఉండి తొందరగా పైకొస్తే రక్తంలో గాలి బుడగలు లేస్తాయని మా రేవులో పుట్టినవాళ్లందరికీ తెలుసు. అవి వెన్నెముకలో నరాల దగ్గర ఇరుక్కున్నాయన్నారు. ఒంట్లో నీళ్లు లేకపోవడంతో రక్తం చిక్కబడి పరిస్థితి ఇంకా విషమించిందన్నారు. నీళ్లు తాగలేదా అని డాక్టరు అడిగితే, మా వాడు గోడ వైపు చూశాడు. నేనే చెప్పాను. ఎందుకు తాగలేదో కూడా చెప్పాను. ఆ పెద్దాయన కలం కింద పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కాళ్లు తిరిగొచ్చాయి. కర్ర పట్టుకుని గదిలో నడుస్తాడు. ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. మొదట రానన్నది ఇప్పుడు ఆగనంటోంది. ఎప్పుడు వస్తుందో వాడికే తెలియదు, వచ్చాక తెలుస్తుంది.

యనాకి, ఆ పండగనాడు అతని హోటల్లో పైకప్పు ఎగిరేలా నవ్విన మగాళ్లు, అంతా ఆసుపత్రికి చూడటానికి వచ్చారు. నారింజలు తెచ్చారు, రాకియా సీసా తెచ్చారు. మంచం చుట్టూ నిలబడి వాతావరణం గురించి మాట్లాడారు. ఒక్కడూ నవ్వలేదు, ఒక్కడూ జోజో అనలేదు. కానీ వాళ్లలో ఒకడు ముక్కు చిట్లించాడు. నేను చూశాను. వాడి సూటు పోయిన వారమే నా బల్ల మీద ఉంది. వాణ్ణి మెడ పట్టి బయటికి గెంటాలనిపించింది. పనాయోత్ కూడా చూశాడు. దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

ఇంటికి తెచ్చాక మళ్లీ మొదలుపెట్టాడు. నీళ్లు తాగడు. తాగకపోతే తక్కువ వస్తుందని లెక్క. ఈసారి తాగకపోతే మూత్రపిండాలు పాడవుతాయని, అవి పోతే మనిషి దక్కడని డాక్టరు వాడి ముందే చెప్పాడు. అయినా అంతే. పెదాలు మళ్లీ చిట్లాయి. గ్లాసు పెడితే గ్లాసు అలాగే ఉంటుంది. కింద పరిచిన రబ్బరు గుడ్డ మీద, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఆసుపత్రి వాళ్లిచ్చిన డైపర్లు తొడల పక్కనుంచి కారిపోయేవి. నేను రోజూ దుప్పట్లు ఉతికేదాన్ని. చెప్పకేం, నాకు అసహ్యంగానే ఉండేది. సొంత తమ్ముడిదైనా ఉచ్చ ఉచ్చే. కానీ బకెట్టు మీద వంగి నేను తిట్టుకుంది వాణ్ణి కాదు. ఆ హోటలునీ, ఆ నవ్వునీ, ఆ పాటనీ తిట్టుకున్నాను.

"తాగరా నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా."

"తాగితే మళ్లీ నువ్వే ఉతకాలి."

"ఉతుకుతా. నీకెందుకు?"

"నాకే. నాకే కదా సిగ్గు." అని దుప్పట్లో మొహం దాచుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే కింద తలుపు తట్టారు. స్తోయిల్. చంకలో ఒక పెద్ద ప్యాకెట్టు. కాగితం చుట్టలేదు, సంచిలో పెట్టలేదు. పైన ముసలాయన నవ్వుతున్న బొమ్మ ఎవరికైనా కనిపించేలా ఉంది.

"రేవు మీంచే వచ్చావా దాంతో?" అన్నాను.

"మరెట్నుంచి రావాలి కెరాంకా? ఉన్న దారి అదొక్కటే కదా."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"అన్నారు. ఎప్పుడూ అనేదే." చెప్పులు విడిచి మేడ మీదికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. వెళ్దామా మానేద్దామా అనుకుంటూనే వెళ్లాను.

పనాయోత్ కళ్లు తెరిచి అతన్ని చూసి, వెంటనే గోడ వైపు తిరిగాడు. మెడ వెనక కందగడ్డలా ఎర్రబడింది. స్తోయిల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను కూడా.

"ఆసుపత్రివి పక్కల నుంచి కారతాయి" అన్నాడు స్తోయిల్, వల కొనడం గురించి మాట్లాడుతున్నట్టు. "నేనూ మొదట్లో అవే వాడాను. ఇవి కారవు. తొడ దగ్గర రెండో మడత ఉంటుంది చూడు, అది బయటికి తీసి పెట్టుకోవాలి. లోపలికి మడిచావంటే మాత్రం దండగ. వీటితో నేను పొద్దంతా నీళ్లలో తలకిందులుగా ఉన్నా. నువ్వు మంచం మీదేగా ఉండేది."

ఎండు పెదాలు విడివడిన చప్పుడు వినిపించింది.

"ఉయ్యా..." అని మొదలుపెట్టి పనాయోత్ ఆగిపోయాడు. అలవాటు నోరు. నాలుక కరుచుకుని, అసలు పేరు పెట్టి పిలిచాడు. "స్తోయిల్."

"ఊఁ."

"నువ్వు రోజుకి ఎన్ని నీళ్లు తాగుతావు?"

"సీసా ఎప్పుడూ నా పక్కనే ఉంటుంది. నువ్వు చూశావుగా, ఆ రోజు."

పనాయోత్ మా ఇద్దరి వైపూ తిరిగాడు. మొహం తడిగా ఉంది. తుడుచుకోలేదు. ప్యాకెట్టు అందుకుని చింపి, ఒకటి తీసి దుప్పటి మీద పరిచాడు. తిప్పి చూశాడు, మళ్లీ తిప్పాడు. ఆ రోజు హోటల్లో దాన్ని నడుముకు పట్టుకుని గంతులేసిన చేతులే అవి.

"ముందు ఏ వైపురా?" అని అడిగాడు.

స్తోయిల్ ముందుకు వంగి వేలితో చూపించాడు. నేను కిందికి వెళ్లి జగ్గు నిండా నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాను. పనాయోత్ మొదటి గ్లాసు ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు మళ్లీ నా వైపు చాపాడు.